బడిపిల్లల పగటి బువ్వ: ఏడుపాయల నుంచి అమెరికా దాకా

మెదక్ జిల్లా ఏడుపాయల చుట్టుపక్కల పల్లెల్లో బడిపిల్లల పగటి బువ్వ చాలాకాలం ఇంటివాళ్ల బాధ్యతే. మంజీర మీద 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట కింద వరి పండినా, కాలువ నీళ్లు అందని ఊళ్లలో జొన్నరొట్టె, గట్క, మజ్జిగే సద్ది. బడి దగ్గరున్నవాళ్లు ఇంటికొచ్చి తినిపోయేవారు. దూరం నడిచేవాళ్లు సద్దిగిన్నె పట్టుకుపోయేవారు. గిన్నె మూత తీస్తే ఆ ఇంటి పరిస్థితి తెలిసిపోయేది. ఇంట్లో గింజలు లేని పిల్లలు పగటి బువ్వ వేళ దాటాక బడి ముఖం చూసేవారు కాదు. శివరాత్రికి ఏడుపాయల వనదుర్గమ్మ జాతరలో నది ఒడ్డున వండుకు తినేటప్పుడు కూడా ఏ కుటుంబం పొయ్యి ఆ కుటుంబానిదే.

1995 ఆగస్టు 15న కేంద్రం బడి భోజనానికి జాతీయ పథకం తెచ్చినప్పుడు బడిలో పొయ్యి వెలగలేదు. హాజరును బట్టి పిల్లలకు నెలకు 3 కిలోల గింజలు ఇచ్చేవారు. అవి ఇంటిల్లిపాది కుండలో కలిసిపోయేవి, బడిలో ఆకలి తీరేది కాదు. వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో వంట మొదలైంది. దాన్ని ఎక్కువగా మహిళా సంఘాలకు అప్పగించారు. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో కోర్టు మళ్లీ చెప్పింది. పథకం చరిత్రలో పోషకాల లెక్కలకన్నా ఈ మాటే గొప్పది. ఎవరి చేతివంట ఎవరు తినాలన్న పాత కట్టుబాటును అది పిల్లల పళ్లెం దగ్గరే ఎదిరించింది. ఊరి అన్ని కులాల పిల్లలు రోజూ ఒకే గిన్నెలో వండింది తినడం అప్పటిదాకా ఈ పల్లెల్లో అలవాటు లేని సంగతి. 2015లో తెలంగాణ బడుల్లో దొడ్డుబియ్యం పోయి సన్నబియ్యం వచ్చింది.

ఈ ప్రాంతం నుంచి దుబాయ్, సౌదీ పోయిన కూలీల్లో చాలామందికి కుటుంబాన్ని వెంట తీసుకుపోయే వీలుండదు. తండ్రి క్యాంపులో వండుకుంటాడు, పిల్లలు ఊరి బడిలోనే తింటారు. పరాయి దేశపు బడి తిండి ఎక్కువగా ఎదురైంది 1990ల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో అమెరికా చేరిన తెలుగు కుటుంబాలకు.

అక్కడి బడి భోజనం వెనక వేరే అవసరం కూడా ఉంది. 1946 నాటి జాతీయ పాఠశాల భోజన చట్టం పిల్లల ఆరోగ్యంతో పాటు రైతుల పంటకు గిరాకీ పెంచడాన్నీ లక్ష్యంగా పెట్టుకుంది. పాలు, మాంసం లేదా దానికి సాటి పదార్థం వడ్డనలో స్థిరపడ్డాయి. బీఫ్, పందిమాంసం తినని ఇళ్లకు బర్గర్, పెపరోని పిజ్జా చిక్కు తెచ్చాయి. ఇంటి నుంచి పంపే డబ్బాకూ పరీక్షలే. పల్లీ పడనివాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి కొన్ని బడులు పల్లీలు తేవద్దన్నాయి, కొన్ని వేరే బల్ల పెట్టాయి. ఆ జాగ్రత్త న్యాయమైనదే. కానీ పచ్చడిలో, పులిహోరలో, పొడిలో పల్లీ వాడే తెలంగాణ వంటకు అది పెద్ద కోత. విరామం చాలాచోట్ల అరగంట లోపే, డబ్బా వేడి చేసుకునే వీలు ఉండదు. చేత్తో కలుపుకుంటే తోటివారి చూపులు, పోపు వాసన మీద మాటలు. అందుకే చాలా ఇళ్లలో పప్పన్నం రాత్రి భోజనానికి మారింది, పగటి డబ్బాలోకి శాండ్‌విచ్, చుట్టిన చపాతీ, పాస్తా వచ్చాయి.

బడులూ కొంత మారాయి. న్యూయార్క్ నగర ప్రభుత్వ బడులు 2019 నుంచి సోమవారాల్లో మాంసం లేని భోజనం పెడుతున్నాయి. కాలిఫోర్నియా 2022–23 నుంచి ప్రభుత్వ బడిపిల్లలందరికీ, ఇంటి ఆదాయంతో పని లేకుండా, ఉదయం, మధ్యాహ్నం ఉచితంగా తిండి పెడుతోంది.