కుక్కర్ విజిల్ వెనక కథ

కుక్కర్ విజిల్ వెయ్యకపోతే మనకెంత కంగారో కదా! ఆ కంగారు ఈనాటిది కాదు. 1679లో లండన్‌లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన, ఎముకల్ని సైతం మెత్తబరిచే గిన్నె చేసి చూపించాడు. మూత బిగించి ఆవిరిని బంధిస్తే గిన్నె పేలిపోదూ? అందుకే ఆవిరి మితిమీరితే దానంతటదే పైకి లేచే బరువొకటి అమర్చాడు. మన వెయిట్‌కి మూలం అదేనండీ.

మొన్న మా కుక్కరూ మొండికేసింది. స్టవ్ ఆర్పి, పూర్తిగా చల్లారాక మూత తీస్తే, ఆవిరి గొట్టంలో పప్పు పొట్టు! సన్నని చీపురుపుల్లతో తీసి, వెలుతురు కనబడేదాకా కడిగాను. అంతే, బాగైంది. పక్కలనుంచి ఆవిరి పోతే గాస్కెట్ కూడా మనమే మార్చుకోవచ్చు. కాని సేఫ్టీ వాల్వ్ కరిగిపోతే మాత్రం ఆ కంపెనీదే కొత్తది వేయించండి. రేకుముక్కతో పూడ్చారో, పాపిన్‌గారు ఆనాడే తప్పించిన ప్రమాదాన్ని మనం చేజేతులా వంటింట్లోకి పిలిచినట్లే!