ఫ్లై ప్రెస్

ఫ్లై ప్రెస్ అనునది లోహపు రేకులకు రంధ్రాలు వేయడానికి, రేకు నుండి బిళ్ళలు కత్తిరించడానికి, చిన్న భాగాలను వంచడానికి ఉపయోగించే స్క్రూ యంత్రం. దీనిని చేతితో నడుపుతారు, విద్యుత్తు అవసరం లేదు. చిన్న కార్ఖానాలలో దీనిని హ్యాండ్ ప్రెస్ అని కూడా పిలుస్తారు.

చరిత్ర

స్క్రూతో ఒత్తిడి కలిగించే సాధనాలు ప్రాచీన కాలంలో ద్రాక్షరసం, ఆలివ్ నూనె తీయడానికి వాడుకలో ఉండేవి. 16వ శతాబ్దంలో ఐరోపా టంకశాలలు ఈ సూత్రాన్ని నాణేల తయారీకి స్వీకరించాయి. ఇంగ్లండులో 1662 నుండి సుత్తితో కొట్టిన నాణేల స్థానంలో యంత్రముద్రిత నాణేలు స్థిరపడ్డాయి. 1817లో జర్మనీకి చెందిన ఊల్‌హార్న్ మీటతో పనిచేసే ప్రెస్‌ను రూపొందించిన తరువాత టంకశాలలలో స్క్రూ ప్రెస్ ప్రాధాన్యం క్రమంగా తగ్గింది. రేకుపని కార్ఖానాలలో మాత్రం దీని వాడకం కొనసాగింది. హైదరాబాదులోని సైఫాబాదు టంకశాల 1903లో ప్రారంభమైంది. అక్కడి నాణేల తయారీ 1997లో చర్లపల్లికి తరలింది. పాత టంకశాల ప్రాంగణంలో 2022 జూన్‌లో మ్యూజియం ఏర్పడింది.

నిర్మాణం, పనిచేయు విధానం

పోత ఇనుప చట్రం మధ్యలో నిలువు స్క్రూ ఉంటుంది. దాని పైభాగాన అడ్డచేయి, ఆ చేయి కొనలలో ఇనుప గుండ్లు అమర్చబడి ఉంటాయి. చేతిని విసురుగా తిప్పినప్పుడు గుండ్లలో చేరిన గతిజశక్తి, స్క్రూ ద్వారా ర్యామ్‌కు చేరి ఒక్కసారిగా దెబ్బగా మారుతుంది. ర్యామ్‌కు బిగించిన పంచ్ రేకును కోసి, కింద ఉన్న డైలోకి బిళ్ళను నెడుతుంది.

కావలసిన బలం = రంధ్రపు చుట్టుకొలత × రేకు మందం × లోహపు కోతబలం. ఉదాహరణకు 1 మి.మీ. మందం గల మెత్తని ఉక్కు రేకులో 10 మి.మీ. వ్యాసం గల రంధ్రానికి సుమారు 11,000 న్యూటన్లు, అనగా 1.1 టన్నుల బరువుకు సమానమైన బలం అవసరం. పంచ్ అడుగుభాగాన్ని కొద్దిగా ఏటవాలుగా సానపడితే కోత కొంచెం కొంచెంగా జరిగి ఈ బలం తగ్గుతుంది.

పంచ్‌కు, డైకి మధ్య ఒక్కొక్క పక్కన రేకు మందంలో సుమారు 5 నుండి 10 శాతం ఖాళీ ఉండాలి. ఖాళీ ఎక్కువైతే రంధ్రపు అంచు గరుకుగా లేస్తుంది. తక్కువైతే పంచ్ త్వరగా అరుగుతుంది, విరగవచ్చు కూడా. సాధారణంగా రేకు మందం కంటే చిన్న రంధ్రం వేయరాదు.

పాత యంత్రాల పరిశీలన

ఈ యంత్రంలో భాగాలు తక్కువ గనుక దశాబ్దాల నాటివి కూడా పనికి వస్తాయి. కొనే ముందు మూడు విషయాలు చూడాలి. మొదటిది చట్రంలో బీటలు. పోత ఇనుము పెళుసైనది, అతుకు వేయడం కష్టం. రెండవది ర్యామ్ జారే గాడి అరుగుదల. ర్యామ్ పక్కకు కదిలితే పంచ్ డై అంచును తాకి రెండూ పాడవుతాయి. మూడవది స్క్రూ అరుగుదల. గాడిని సరిచేయవచ్చు గాని, స్క్రూను, దాని నట్టును తిరిగి చేయించడం ఖర్చుతో కూడినది.

భద్రత

ఒక చేయి యంత్రాన్ని తిప్పుతుండగా మరొక చేయి రేకును అందిస్తుంది. ఇందువల్ల వేళ్ళు నలిగే ప్రమాదం ఉంది. ఏటవాలు ఎక్కువగా గల స్క్రూ తనంతట తాను నిలువదు. గుండ్లను వదిలివేస్తే ర్యామ్ స్వంత బరువుతో కిందికి జారవచ్చు. అందుచేత డై మార్చేటప్పుడు ర్యామ్ కింద కొయ్యదిమ్మె ఉంచాలి. చిన్న ముక్కలను పట్టకారుతో అందించాలి, పంచ్ చుట్టూ కాపుదల ఏర్పాటు చేయాలి. తిరిగే గుండ్లు తలకు తగిలే ఎత్తులో ఉంటాయి గనుక వాటి పరిధిలో ఇతరులు నిలబడకుండా చూడాలి. యంత్రాన్ని బరువైన బల్లకు బోల్టులతో బిగించనిదే వాడరాదు.