గుమ్మం లోపలి చెక్క కుర్చీ

మా నాన్న వడ్రంగి. కుర్చీ కనిపిస్తే ముందు తిరగేసి అడుగు చూసేవారు. ఆ అలవాటుతోనే నేను 18వ శతాబ్దపు ఇంగ్లండు హాల్ కుర్చీలను, అంటే పెద్దిళ్లలో గుమ్మం దాటగానే ఉండే హాల్లో వేసిన కుర్చీలను, చూస్తాను. నున్నటి మహాగని, వీపుపలక మీద రంగుల్లో వంశ చిహ్నం. కూర్చునే పలక మాత్రం ఒట్టి చెక్క. దూది లేదు, గుడ్డ లేదు.

పనితనం తక్కువై కాదు. అక్కడ కూర్చునేది ఉత్తరం తెచ్చిన మనిషి, పిలుపు కోసం కాచుకున్న నౌకరు. తడి కోటు, బురద బట్టలు పట్టుగుడ్డను పాడుచేస్తాయి, చెక్కనైతే తుడిచేయొచ్చు. దొరకు సమానులైన వాళ్లు అక్కడ ఆగరు, లోపలి మెత్తటి ఆసనాల దగ్గరికి వెళ్తారు. వాళ్ల కంటికి ఆ చిహ్నం, వీళ్ల నడుముకు ఆ చెక్క.

19వ శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికా మధ్యతరగతి ఇళ్లలోకి హాల్ స్టాండు వచ్చింది: అద్దం, టోపీల కొక్కేలు, గొడుగుల నీరు పట్టే లోహపు పళ్లెం. దగ్గర్లోనే విజిటింగ్ కార్డుల పళ్లెం. ముందు కార్డు లోపలికి వెళ్లేది, మనిషి బయటే ఆగేవాడు.

నాన్న కూడా పెద్దిళ్ల వసారాలో బల్ల మీద కూర్చునే కూలి డబ్బుల కోసం ఎదురుచూసేవారు. ఒక ఇంట్లో ఆ బల్లా, లోపలి ఉయ్యాల బల్లా రెండూ ఆయన చేసినవే. ఉయ్యాల మీద ఆయన కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.