లజారు కార్నో

1793 ఆగస్టు నాటికి ఫ్రెంచి రిపబ్లిక్కునకు ప్రాణముమీదికి వచ్చెను. ఆస్ట్రియా, ప్రష్యా, బ్రిటను, స్పెయిను దండెత్తియుండెను. లోపల తిరుగుబాట్లు. సముద్రముపై ఇంగ్లీషు నౌకలు కాపు కాయుటచే తుపాకిమందునకు కావలసిన పెట్లుప్పు విదేశములనుండి వచ్చుట దుర్లభమయ్యెను. ఆ నెల 14వ తేదీన ప్రజారక్షణ సంఘములో చేరి, యుద్ధభారము నెత్తికెత్తుకొన్నవాడు లజారు కార్నో అను ఇంజనీరు.

ఇతడు 1753లో బర్గండీలోని నోలేలో జన్మించెను. మెజియేరు పాఠశాలలో గణితవేత్త మోంజు ఇతనికి గురువు. 1783లో యంత్రములనుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. భాగములు ఒకదానినొకటి ఢీకొనినచో శక్తి వృథాయగును. కుదుపు లేకుండ కదలిక సాగినచో ఆ నష్టము తగ్గును. నీరు చక్రముమీద దభాలున పడుటకును, మెల్లగా చేరుటకును గల భేదము ఇదియే. ఇంత తెలిసినను, ఉన్నత కులీనుడు కానందున సైన్యములో కాప్టెను పదవికి పైన అతనికి దారి లేకుండెను. విప్లవము ఆ అడ్డు తొలగించినది.

ఆగస్టు 23న 18 మొదలు 25 ఏండ్లలోపు అవివాహితులనందరిని సైన్యమునకు పిలిచిరి. కాని మంది చేరినంతమాత్రమున సైన్యమగునా? ఆరితేరిన ఒక పటాలమునకు కొత్తవారి పటాలములు రెండు జతచేసిరి. నేలమాళిగలలోను, పశువుల కొట్టములలోను మన్ను గోకి, కడిగి, మరగించి పెట్లుప్పు తీసిరి. మోంజు ఫిరంగుల పోతపోయు విధమును తెలుపుచు పుస్తకము వ్రాసెను. 1794 జూనులో ఫ్లెరూసు యుద్ధమున బెలూను నెక్కి శత్రువుల కదలికలు కనిపెట్టిరి. అంతకుముందు అక్టోబరులో వాటిన్యీవద్ద కార్నో స్వయముగా సైనికులతో కలసి నడచెను.

ఈ కీర్తికి నీలినీడ ఒకటున్నది. భీతిపాలన సాగించిన సంఘమును అదియే. రాజునకు మరణదండన విధింపవలెనని ఓటిచ్చినవారిలో కార్నో ఒకడు. దాంతోను నిర్బంధించు ఉత్తరువుపై అతని సంతకమున్నది. పని ఒత్తిడిలో పరస్పరము చూడకయే సంతకములు పెట్టుకొంటిమని తరువాత చెప్పుకొనెను. నమ్మదగినదే కావచ్చును, కాని తలలు పోయినవారికి అది సమాధానము కాదు. 1795లో అతని నిర్బంధింప వలెనన్నపుడు, విజయమును నిర్మించినవాడతడేయని సభలో ఒక గొంతు లేచుటచే బ్రదికెను.

1797లో కుట్రదారుడను నిందపై దేశము విడిచి పారిపోగా, విద్వత్పరిషత్తులోని అతని స్థానము బోనపార్టుకు దక్కెను! అయినను 1800లో అతనికే కొంతకాలము యుద్ధమంత్రిగా నుండి, 1804లో అతడు చక్రవర్తి యగుటను వ్యతిరేకించెను. 1814లో దేశము చిక్కులో పడినపుడు మాత్రము ఆంట్వెర్పు కోటను నిలబెట్టెను. బోర్బనులు తిరిగివచ్చిన పిమ్మట ప్రవాసమే గతి. 1823లో మాగ్డెబర్గులో మరణించెను.

1821లో అచ్చట తండ్రిని చూచిపోయిన కుమారుడు సాదీ 1824లో చిన్న పుస్తకమొకటి ప్రకటించెను. తండ్రి నీటిచక్రమునుగూర్చి వేసిన ప్రశ్ననే అతడు ఆవిరియంత్రమును గూర్చి వేసెను.