భూకంపమునకు ముందే

పుదుచ్చేరి నగరమున ఉత్తరపు వైపుననున్న లాస్‌పేటకు ఆ పేరు ఫ్రెంచి గవర్నరు ఝాఁ లా ద లోరిస్తాఁ మీదుగా వచ్చినదని చెప్పుదురు. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని ముట్టడించి గెలిచి, కోటను, గవర్నరు మందిరమును, పురమునందలి ఇండ్లను పడగొట్టించిరి. 1765లో ఆ శిథిలములను తిరిగి స్వీకరించి, నగరమును మరల నెత్తించినవాడు ఈ లా దొరయే. కావున కట్టడముల నాశమును గూర్చియు, వాని పునరుద్ధరణమును గూర్చియు తలపోయుటకు ఈ పేట తగిన చోటు.

2001 సెప్టెంబరు 25వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర గంటల ప్రాంతమున పుదుచ్చేరి తీరమునకు ఆవల సముద్రగర్భమున భూమి కంపించినది. దాని పరిమాణము 5.5. చెన్నపట్టణము వరకు ఆ కదలిక తెలిసినది. కడలి యొడ్డున 1870 ప్రాంతమున ఫ్రెంచివారు కట్టిన పురపాలక మందిరము, నగరవాసులు ‘మేరీ’ యని పిలుచునది, ఆ రాత్రి కూలలేదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీకిని కూలలేదు. కాని 2014 నవంబరు 29న, విడువని వానలకు తడిసి, నేలమట్టమయ్యెను. భూకంపమునకు నిలిచిన గోడ వానకు నిలువలేకపోవుట వింతగా తోచును. నిజమునకు అందు వింత యేమియు లేదు.

ఇటుకయు సున్నమును గలిపి కట్టిన గోడ పైనుండి దిగు బరువును తరతరములు మోయగలదు. భూకంపమన్ననో ప్రక్కకు నెట్టును. ఆ త్రోపునకు ఓర్చవలెనన్న గోడయు గోడయు, గోడయు దూలమును ఒండొంటిని విడువక పట్టుకొని యుండవలెను. కప్పు కారి నీరు గోడలోనికి దిగినచో సున్నము పట్టు వదలును. దూలపు కొనలు చివుకును. పగుళ్లలో రావి మొలచి వేళ్లు చొప్పించును. అంతటితో కట్టడము సగము కూలినట్లే. మిగిలిన సగమును భూకంపము కూల్చునా, వాన కూల్చునా యనునదే తేలవలసియుండును.

1934 జనవరి 15న బీహారును, నేపాళమును భూకంపము ధ్వంసము చేసినప్పుడు, అది అస్పృశ్యతా పాపమునకు దైవము విధించిన శిక్ష యని గాంధీజీ పలికెను. ప్రకృతి సంఘటనలకు భౌతిక కారణములే యుండునని రవీంద్రుడు ప్రతివాదము చేసెను. ఆ మహనీయుల వాదమెట్లున్నను, కట్టడముల విషయమున మనుష్యుల పాలు కొంత కలదని ఒప్పుకొనక తప్పదు. 2015 ఏప్రిల్ 25న ఖాట్మండు నగరమునకు పేరిచ్చిన కాష్ఠమండపము కూలినది. పురాతత్త్వజ్ఞులు త్రవ్వి చూడగా, పునాదులు ఏడవ శతాబ్ది నాటివనియు, అవి చెదరలేదనియు తేలినది. దోషము వానిపైన, ప్రధాన స్తంభము పీఠశిలతో కలియు చోట నుండెను. తరువాతి కాలపు మరమ్మతులలో ఆ చోటు నేలపరపు క్రింద కప్పబడి, ఎవరి కంటికిని కనబడకుండ పోయెను.

దీనికి మారుగా మన హనుమకొండను చూడుడు. కాకతీయ రుద్రదేవుడు 1163లో నిర్మించిన వేయిస్తంభముల గుడి ఆవరణమునందలి కల్యాణమండపము, ఇసుక నింపిన పునాది సడలి, క్రుంగి వంగినది. 2006లో పురావస్తుశాఖవారు దానిని రాయి రాయిగా విప్పించిరి. మరల నిలిపి తెరచుటకు 2024 మార్చి వరకు పట్టినది. పదునెనిమిదేండ్ల జాప్యమును ఎవరును మెచ్చుకొనరు. అయినను అవి కూలిన రాళ్లు కావు, దింపిన రాళ్లు. కూలినదానిని పోలినదానిని మాత్రమే కట్టుకొనగలము. దింపినదానినన్ననో తిరిగి నిలుపుకొనవచ్చును.

పుదుచ్చేరి మేరీ 2021 ఫిబ్రవరిలో పూర్వరూపముతోనే తిరిగి ప్రారంభమైనది. కడలి యొడ్డున నడచువారికి అది కన్నులపండువే. కాని రూపము తిరిగి వచ్చినదే గాని, ఆనాటి గోడలును, వానిని పేర్చిన చేతుల నేర్పును తిరిగి రాలేదు.

కూలినదానిని మరల కట్టించిన దొర పేర ఒక పేట వెలసినది. ఏటేట కప్పు కారకుండ చూచినవాని పేర గాని, గోడ పగులున రావిమొక్కను పెరికినవాని పేర గాని ఏ పేటయు వెలయలేదు. భూకంపము ఎప్పుడు వచ్చునో ఎవరును చెప్పలేరు. వానకాలము ఎప్పుడు వచ్చునో అందరికిని తెలియును.