జైపాల్ సింగ్ ముండా: ఫోటో పెడుతున్నాం సరే, రికార్డు చూశామా?

పోస్ట్ పెద్దది. తీరిక ఉన్నప్పుడే చదవండి.

జనవరి 3 వచ్చిందంటే మన గ్రూపు నిండా జైపాల్ సింగ్ ముండా ఫోటోలే. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ కెప్టెన్, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ముండా బిడ్డ, ఐసీఎస్ వదులుకున్న మనిషి, జనం మరంగ్ గోమ్కే, అంటే పెద్ద నాయకుడు, అని పిలుచుకున్న మనిషి. అన్నీ నిజాలే. కానీ ఆయన జీవితంలో ఎక్కువ కాలం చేసిన పని హాకీ కాదు. 1946లో రాజ్యాంగ సభకి వెళ్లిన దగ్గర్నుంచి 1970 మార్చి 20న చనిపోయేదాకా ఆయన చట్టసభ సభ్యుడు. అంటే సుమారు 24 ఏళ్లు మన తరఫున జీతం తీసుకుని మాట్లాడిన మనిషి. ఆ 24 ఏళ్ల లెక్క మాత్రం ఎవరూ పోస్ట్ చెయ్యరు. ఈసారి అది చూద్దామనిపించింది.

ముందు ఒక మాట. ఎంపీనో ఎమ్మెల్యేనో ఎలా పనిచేశాడని అడిగితే, ఎన్ని బిల్లులు పెట్టాడు, ఎన్ని పాసయ్యాయి అని చూస్తారు. మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టేదాన్ని ప్రైవేటు మెంబరు బిల్లు అంటారు. మన పార్లమెంటు చరిత్ర మొత్తంలో అలాంటివి చట్టమైనవి 14 మాత్రమే. 1970 తర్వాత ఒక్కటి కూడా కాలేదు. కాబట్టి పాసైన బిల్లులే లెక్కపెడితే దాదాపు అందరికీ సున్నానే వస్తుంది, పనిచేసినవాడికీ నిద్రపోయినవాడికీ ఒకటే మార్కు పడుతుంది. వాళ్లు ఏ సవరణ అడిగారు, ఎక్కడ ఓడిపోయారు, ఓడిపోయింది ఎంత విలువైనది, ఇవన్నీ చూస్తేనే మనిషి కనబడతాడు.

జైపాల్ సింగ్ రికార్డు 1946 డిసెంబర్ 19న మొదలవుతుంది. నెహ్రూ పెట్టిన లక్ష్యాల తీర్మానం మీద చర్చ. చుట్టూ పెద్ద పెద్ద లాయర్లు, జమీందార్లు, కాంగ్రెస్ నాయకులు. ఈయన లేచి, నేను జంగ్లీని, ఆ పేరుకి నాకేం సిగ్గులేదు అన్నట్టుగా మొదలుపెట్టాడు. 6000 ఏళ్లుగా మా వాళ్లని తరుముతూ వచ్చారని చెప్పాడు. ఆదివాసులకి ప్రజాస్వామ్యం మీరు నేర్పలేరు, వాళ్ల దగ్గర మీరే నేర్చుకోవాలి అన్నాడు. ఇదంతా మనం స్టేటస్‌ల్లో పెట్టుకుంటాం. అదే ప్రసంగంలో ఇంకో మాట ఉంది, అది ఎవరూ పెట్టరు. ఈ సభలో మగవాళ్లు మరీ ఎక్కువైపోయారు, ఆడవాళ్లు ఇంకా కావాలి అన్నాడు. మన సంఘాల కమిటీ లిస్టులు చూస్తే ఆ మాట ఎందుకు షేర్ అవ్వదో అర్థమవుతుంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన గొడవ చెప్తాను. 1948 నవంబర్ 24. మద్యనిషేధాన్ని ఆదేశిక సూత్రాల్లో పెట్టాలన్న చర్చ. ఇప్పుడు 47వ అధికరణంలో ఉన్నది అదే. గాంధీ గారు పోయి ఏడాది కూడా కాలేదు. అలాంటి సభలో సారాకి అనుకూలంగా మాట్లాడ్డమంటే తలనొప్పి కొనితెచ్చుకోవడమే. ఆయన మాట్లాడాడు. బియ్యంతో కాచే పానీయం మా పూజలో భాగం, దాన్ని ఆపడమంటే మా మతంలో చెయ్యి పెట్టడమే అన్నాడు. బెంగాల్ వైపు సంతాల్ కూలీకి ఆ పానీయం ఇవ్వకపోతే వరి నాట్లే పడవని కూడా చెప్పాడు. బురదలో, వానలో రోజంతా వంగి నాటేవాళ్ల సంగతి ఆ సభలో ఇంకెంతమందికి తెలుసో!

ఓడిపోయాడు. అధికరణం వచ్చింది. పండక్కి ఇంట్లో కాచుకున్న ఇప్పసారాకి కేసు పెట్టే ఆలోచన వెనకాల ఉన్నది ఆ అధికరణమే. తాగుడు మంచిదని నేను అనట్లేదు. బెల్టు షాపులు మన గూడేల్లో ఏం చేస్తున్నాయో అందరం చూస్తున్నాం. కానీ మన కుండలో కాచింది వేరు, లారీలో వచ్చే సీసా వేరు. ఆ తేడా చట్టానికి అర్థమయ్యేలా చెప్పాలని చూసిన మనిషి ఆయన.

అక్కడితో ఆగలేదు కథ. 1996 డిసెంబర్‌లో పీసా చట్టం వచ్చింది. మత్తు పదార్థాల అమ్మకం, వాడకం నిషేధించాలా, అదుపు చెయ్యాలా అన్న అధికారం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకి, పంచాయతీకి ఉండాలని అందులో రాశారు. అంటే ఢిల్లీలో కూర్చుని అందరికీ ఒకటే రూలు కాదు, ఊరు కూర్చుని తేల్చుకోవాలి. ఓడిపోయిన వాదన 48 ఏళ్ల తర్వాత వేరే దారిలో లోపలికొచ్చింది. పీసాకి దారి వేసిన కమిటీ ఇంకో ఆదివాసీ ఎంపీ, మధ్యప్రదేశ్ భిల్లు నాయకుడు దిలీప్ సింగ్ భూరియా అధ్యక్షతన 1994లో వేసింది. 1995 జనవరిలో రిపోర్టు ఇచ్చింది. బిల్లు పెట్టింది మాత్రం ప్రభుత్వం. బిల్లులు లెక్కపెట్టే పద్ధతిలో చూస్తే పీసా భూరియా ఖాతాలో పడదు. ఆ పద్ధతి ఎంత గుడ్డిదో చూడండి.

రెండో ఓటమి పేరు దగ్గర. రాజ్యాంగంలో మనల్ని ఏమని రాయాలి? ఆదివాసీ అని రాయండి అన్నాడు జైపాల్ సింగ్. హిందీ అనువాదంలో బన్‌జాతి అని వాడితే, మా వాళ్లంతా అడవుల్లోనే ఉంటున్నారా అని నిలదీశాడు. అంబేద్కర్ గారి జవాబు కూడా న్యాయంగా చెప్పాలి. ఆదివాసీ అన్నది మామూలు మాట, దానికి చట్టంలో హద్దులు లేవు, లిస్టు వేసి షెడ్యూల్డు తెగ అంటే ఎవరికి హక్కు వర్తిస్తుందో ఖాయంగా తెలుస్తుంది అన్నారు. చట్టం కోణంలో ఆ జవాబులో బలం ఉంది. ఇవాళ మన చేతిలో ఉన్న కుల ధృవీకరణ పత్రం ఆ లిస్టు వల్లే. కానీ పేరు వేరే వాళ్లు పెట్టారన్న బాధ ఆ లిస్టుతో తీరదు. మన తెలుగులో గిరిజనులు అన్న మాట కూడా అలాంటిదే కదా, కొండ జనం అని. మైదానంలో ఉండే యానాదులు, ఎరుకల వాళ్లు ఏ కొండ మీద ఉన్నారు? గిరిజన అనాలా ఆదివాసీ అనాలా అని మన గ్రూపులో నెలకోసారి కొట్టుకుంటాం. ఆ కొట్లాట రాజ్యాంగ సభలోనే మొదలైందని తెలిస్తే కాస్త గొంతు తగ్గించుకుంటామేమో.

మూడోది మనకి అన్నిటికంటే దగ్గరిది, ఐదో షెడ్యూలు. 1949 సెప్టెంబర్ 5న చర్చకొచ్చింది. దీన్ని తయారుచేసే ముందు ఠక్కర్ బాపా అధ్యక్షతన ఒక ఉపసంఘం తిరిగింది, జైపాల్ సింగ్ అందులో సభ్యుడు. గిరిజన సలహా మండలి అనేది ఒకటి ఉండాలన్నారు. మొదటి ముసాయిదాలో ఆ మండలికి ఉన్న బలం చివరి రూపానికొచ్చేసరికి తగ్గిపోయింది. మండలి కోరలు పీకేశారన్న అర్థం వచ్చేలా ఆయన సభలోనే మండిపడ్డాడు. చివరికి మిగిలింది ఇది: మండలిలో 20 మందికి మించకుండా సభ్యులు, అందులో దాదాపు నాలుగింట మూడొంతులు ఎస్టీ ఎమ్మెల్యేలు. గవర్నరు అడిగిన విషయాల మీద సలహా ఇవ్వాలి. మండలిని సంప్రదించకుండా గవర్నరు రెగ్యులేషన్ చెయ్యకూడదు. గమనించండి, సంప్రదించాలి అని ఉంది, ఒప్పుకోవాలి అని లేదు.

కోరలు తగ్గినా అది ఖాళీ మండలేం కాదు. మన భూములకి కంచెలాంటి 1/70 ఎలా వచ్చింది? అసెంబ్లీలో బిల్లు పెట్టి కాదు. ఐదో షెడ్యూలు కింద గవర్నరు చేసిన రెగ్యులేషన్ అది. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌కి సవరణగా 1970 ఫిబ్రవరి 3న అమల్లోకొచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదంది. జైపాల్ సింగ్ అప్పటికి బతికే ఉన్నాడు, నెలన్నర తర్వాత పోయాడు. ఆయన తెలుగు ఏజెన్సీ గురించి ఏమనుకున్నాడన్నది కాదు నా పాయింట్. ఆయన పోట్లాడిన షెడ్యూలే మన పొలం గట్టు దాకా వచ్చింది, అదీ సంగతి.

ఇంతవరకూ చదివి ఇది భజన పోస్టే అనుకోకండి. జవాబుదారీ లెక్క ఇప్పుడు మొదలవుతుంది.

1950లో జార్ఖండ్ పార్టీ పెట్టాడు. 1952 ఎన్నికల్లో బీహార్ అసెంబ్లీలో 32 సీట్లు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. ఆదివాసులు తమ పేరుతో, తమ గుర్తుతో ఒక రాష్ట్రంలో ప్రతిపక్షం కావడమంటే ఇవాళ కూడా మనకి కలే. ఆ ఓటు ఒకే ఒక్క మాట మీద పడింది, ప్రత్యేక జార్ఖండ్. రాష్ట్రాల పునర్విభజన కమిషన్ 1955లో ఆ డిమాండు తోసిపుచ్చింది. ఆ ప్రాంత జనాభాలో ఆదివాసులు ఎక్కువమంది కారని, గనులున్న భాగం పోతే బీహార్ దెబ్బతింటుందని కారణాలు చెప్పింది. తెలుగు వాళ్లు భాష పేరుతో రాష్ట్రాల గురించి గర్వంగా చెప్పుకునే రోజుల్లో వచ్చిన రిపోర్టే ఇది, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డానికి ముందు కూర్చున్న కమిషనే. భాష లెక్కలోకొచ్చింది, ఆదివాసీతనం రాలేదు.

1962 నాటికి పార్టీ సీట్లు 20కి పడిపోయాయి. 1963 జూన్‌లో జైపాల్ సింగ్ పార్టీని తీసుకెళ్లి కాంగ్రెస్‌లో కలిపేశాడు. బీహార్‌లో మంత్రి పదవి వచ్చింది, ఎక్కువ కాలం నిలవలేదు. రాష్ట్రం రాలేదు.

దీన్ని సమర్థించేవాళ్లు చెప్పేది ఏంటంటే, ఢిల్లీలో, పట్నాలో కాంగ్రెస్సే, బయట ఉండి 20 సీట్లతో ఏం చేస్తాం, లోపలికెళ్లి సాధిద్దామనుకున్నాడని. కావచ్చు. నాకైతే ఈ వాదన సరిపోదు. లోపలికి వెళ్లేటప్పుడు ఏ షరతు రాయించుకున్నాడు, ఏ గడువు పెట్టాడు అని అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి కదా. జనం ఓటేసింది కోడిపుంజు గుర్తుకి, జార్ఖండ్ అన్న పేరుకి. ఆ రెండూ ఆయన సొంతం కాదు. రాజ్యాంగ సభలో ఒక్క మాట మార్చడానికి అంత పోట్లాడిన మనిషి, తన దగ్గర ఉన్న అతి పెద్ద ఆస్తిని, అంటే జనం ఓటుని, అంత తేలిగ్గా ఎలా ఇచ్చేశాడో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మధు కోడా లాంటి వాళ్ల అవినీతి కేసుల పక్కన దీన్ని పెట్టకూడదు, అది వేరే జాతి తప్పు. ఇక్కడ డబ్బు మాట లేదు. కానీ అడక్కుండా ఓటు బదలాయించడం కూడా ఒక బదలాయింపే, దానికి 1/70 లేదు.

జనం ఊరుకోలేదు కూడా. ఆయన 1967లో ఖుంటి నుంచి కాంగ్రెస్ ఎంపీగా గెలిచాడు, ఆయన మీద అభిమానం అంత ఉంది. కానీ 1971లో అదే ఖుంటిలో ఎన్.ఈ. హోరో గెలిచాడు, జార్ఖండ్ పార్టీ పేరు మీద. నాయకుడు కలిపేసిన పేరుని జనం మళ్లీ బయటికి తీశారు. రాష్ట్రం 2000 నవంబర్ 15న వచ్చింది.

1963లో ఫిరాయింపుల చట్టం లేదు. 1985లో పదో షెడ్యూలు వచ్చింది. కానీ అందులోనూ మూడింట రెండొంతుల మంది కలిసి వెళ్తే విలీనం అని దారి వదిలేశారు. ఆ దారిలో మన రెండు రాష్ట్రాల్లో ఎస్టీ రిజర్వుడు సీట్ల నుంచి ఎవరెవరు ఎప్పుడు నడిచారో మీ నియోజకవర్గం సంగతి మీకే తెలుసు. పేర్లు నేను రాయను, గ్రూపులో రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు.

ఇక ఇప్పటి లెక్క. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులు 100 శాతం స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి దాన్ని కొట్టేసింది. మా హాస్టల్లో డీఎస్సీకి చదివే సీనియర్లందరూ ఆ తీర్పు తేదీ నిద్రలో లేపి అడిగినా చెప్తారు. తర్వాత అందరం ధర్నాలు చేశాం, వినతిపత్రాలు ఇచ్చాం, ఎమ్మెల్యేలతో ఫోటోలు దిగాం. అదే ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది సలహా మండలి సభ్యులు. జైపాల్ సింగ్ సభలో తిట్టుకుంటూ అయినా తీసుకున్న మండలి అది. అసెంబ్లీలో మావాడు ఏం బిల్లు పెట్టాడు అని అడిగేవాళ్లున్నారు గానీ, మండలి ఎన్నిసార్లు కూర్చుంది, జీవో 3 మీద ఏ తీర్మానం చేసింది, మన ఎమ్మెల్యే ఆ రోజు వెళ్లాడా, వెళ్తే ఏం మాట్లాడాడు అని అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

ఆ మినిట్స్ అడగడానికి సమాచార హక్కు దరఖాస్తు చాలు. గిరిజన సంక్షేమ శాఖ సమాచార అధికారికి రాయాలి, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. 2020 ఏప్రిల్ తర్వాత జరిగిన సమావేశాల తేదీలు, హాజరు పట్టిక, తీర్మానాల కాపీలు, ఈ మూడే అడుగుతూ ఒక నమూనా రాసిపెట్టాను. జిల్లాకొకరు పేరు ఇస్తే కామెంట్లో పెడతాను. జవాబు రానివాళ్లు కూడా చెప్పండి, మొదటి అప్పీలు కూడా మనమే రాసుకుందాం.