తెరచాప పడవే ఇల్లు.. గాలే ఇంధనం
కరేబియన్ దీవుల్లో నౌకాజీవనం.. తుపాను కాలంతో నిత్యం లెక్క

తీరప్రాంత వాసులకు తెరచాప కొత్త కాదు. మోటార్లు రాకముందు మన మత్స్యకారులు తెరచాప ఎత్తి వేటకు వెళ్లేవారు. గోదావరి, కృష్ణా కాలువల్లో ధాన్యం పడవలకు కూడా గాలే ఆధారం. అయితే జీవనోపాధికి కాక కేవలం విహారానికి తెరచాప పడవ ఎక్కి, నెలల తరబడి అందులోనే కాపురం ఉండేవారు ప్రపంచంలో వేల సంఖ్యలో ఉన్నారు. దీనినే ‘క్రూజింగ్’ అంటారు. టికెట్ కొని పెద్ద విహార నౌకలో చేసే ప్రయాణానికీ దీనికీ పోలిక లేదు. ఇక్కడ సరంగు, కళాసీ, వంటమనిషి, మెకానిక్ అన్నీ పడవలో ఉన్న ఇద్దరు ముగ్గురే.

చూసేవారికి ఇది నీలి సముద్రంపై నిశ్చింత జీవితంలా కనిపిస్తుంది. నిజానికి గాలి, లంగరు, నీరు, రుతువు.. ఈ నాలుగింటి లెక్క తప్పితే ఇల్లే మిగలదు. ఈ జీవనానికి పేరుపొందిన కరేబియన్ సముద్రంలో 2024లో జరిగింది అదే.

ఆ దీవులే ఎందుకు?

క్రికెట్ అభిమానులకు వెస్టిండీస్‌గా పరిచయమైన దీవుల్లో తూర్పు అంచున ఉన్నవి సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్, గ్రెనడా. సెయింట్ విన్సెంట్, గ్రెనడాల మధ్య గ్రెనడీన్స్ అనే చిన్న దీవుల గొలుసు ఉంది. స్థానికులు ‘బెక్వే’ అని పలికే ద్వీపం, టొబాగో కీస్, యూనియన్, కారియాకూ వీటిలో ముఖ్యమైనవి.

వ్యాపార పవనాలు ఇక్కడ ఏడాదిలో అధిక భాగం తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి వీస్తాయి. చలికాలంలో వాటి వేగం సాధారణంగా 15 నుంచి 20 నాట్లు, అంటే గంటకు 28 నుంచి 37 కిలోమీటర్లు. దీవులు ఉత్తర దక్షిణాలుగా వరుస తీరి ఉండటంతో ఎటు వెళ్లినా పడవకు పక్కగాలే తగులుతుంది. తెరచాప పడవకు అత్యంత అనుకూలమైనది పక్కగాలి. ఎదురుగాలికి ఏ పడవా నేరుగా వెళ్లలేదు. సుమారు 45 డిగ్రీల ఏటవాలున ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మలుపులు తిరుగుతూ సాగాల్సిందే. దీవుల పడమటి వైపు కొండల చాటున గాలి మరుగు ఉంటుంది కనుక లంగరు వేయడానికి అనువైన రేవులు ఆ వైపే అధికం. ఆటుపోట్ల తేడా అర మీటరుకు మించకపోవడం మరో సౌలభ్యం.

సుమారు 12 మీటర్ల పడవ గంటకు 5 నుంచి 7 నాటికల్ మైళ్లు సాగుతుంది. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. బెక్వే నుంచి టొబాగో కీస్‌కు దాదాపు 25 నాటికల్ మైళ్లు. ఉదయం తెరచాప ఎత్తితే మధ్యాహ్నానికి చేరుకోవచ్చు.

వెలుగుండగానే రేవుకు

టొబాగో కీస్ చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. సాధారణ విహార పడవ అడుగు భాగం నీటిలో రెండు మీటర్ల వరకు దిగి ఉంటుంది. పడవ బోల్తా పడకుండా అడుగున అమర్చే బరువైన ‘కీల్’ దీనికి కారణం. జంట పొట్టుల కెటమరాన్‌కు ఇంత లోతు అవసరం లేదు.

అక్కడ దారి చూపేది నీటి రంగు. ముదురు నీలం అయితే లోతు ఎక్కువ. లేత ఆకుపచ్చ అయితే తక్కువ లోతులో ఇసుక. గోధుమ రంగు అయితే పగడపు దిబ్బ. సూర్యుడు నడినెత్తిన గానీ వెనుక గానీ ఉన్నప్పుడే ఈ తేడా తెలుస్తుంది. అందుకే ఒకరు చుక్కాని పడితే మరొకరు అణియంలో, అంటే పడవ ముందు కొనలో, నిలబడి నీటిని గమనిస్తుంటారు. పొద్దు వాలాక తెలియని రేవులోకి ప్రవేశించరు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మన పెద్దల మాట అక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

గాలి పెరిగితే తెరచాపను కొంత మేర కిందికి దించి కట్టి, విస్తీర్ణం తగ్గిస్తారు. పడవ పక్కకు ఒరిగాక కాకుండా, నల్లమబ్బు కనబడగానే ఈ పని ముగించడం అనుభవజ్ఞుల పద్ధతి.

లంగరే ప్రాణాధారం

రాత్రి కంటినిండా నిద్ర పట్టడం లంగరు మీద ఆధారపడి ఉంటుంది. నేల అడుగున లంగరు పట్టు నిలవాలంటే గొలుసు దానిని అడ్డంగా లాగాలి. పైకి లాగితే లంగరు ఊడి వస్తుంది. కనుక లోతుకు కనీసం అయిదు రెట్లు గొలుసు వదులుతారు. నీటి లోతు 4 మీటర్లు, నీటి నుంచి అణియం ఎత్తు ఒక మీటరు అనుకుంటే మొత్తం 5 మీటర్లు. దానికి 25 మీటర్ల గొలుసు కావాలి. గొలుసుకు బదులు ఎక్కువ భాగం తాడు వాడితే ఏడు రెట్లు తప్పదు.

లంగరు వేశాక ఇంజిన్‌ను వెనక్కి నడిపి అది ఇసుకలో దిగబడేలా చేస్తారు. కళ్లద్దాల ముసుగుతో నీటిలోకి దిగి సరిచూసుకునేవారూ ఉంటారు. ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకుని పడవ జరుగుతోందో లేదో గమనిస్తారు. జీపీఎస్ పరికరంలో హద్దు నిర్ణయిస్తే, పడవ దానిని దాటగానే అలారం మోగుతుంది. రాత్రంతా తెల్లని లంగరు దీపం వెలగాల్సిందే. పగడాల మీద, తాబేళ్లు మేసే సముద్రపు గడ్డి మీద లంగరు వేయరాదు. టొబాగో కీస్ సంరక్షిత సముద్ర ప్రాంతం.

చెంబెడు నీటికీ లెక్కే

ఉప్పు సముద్రం మీద మంచినీరే మహాభాగ్యం. ఈ తరహా పడవల ట్యాంకులో కొన్ని వందల లీటర్లు మాత్రమే పడతాయి. పొదుపరులు రోజుకు మనిషికి పది లీటర్లతో సరిపెట్టుకుంటారు. సముద్రపు నీటితో గిన్నెలు తోమి, చివరిసారి మాత్రం మంచినీటితో తొలుస్తారు. స్నానమూ అంతే. వాన పడితే ఎండకు కట్టిన పరదాలే నీటిని పట్టే తొట్లవుతాయి. ఉప్పునీటిని అధిక పీడనంతో వడపోసి మంచినీరుగా మార్చే యంత్రాలు కూడా వచ్చాయి. అవి పనిచేయాలంటే కరెంటు కావాలి. ఆ కరెంటు సౌర ఫలకాలు, చిన్న గాలిమర, బ్యాటరీల నుంచి రావాలి. అందులో పెద్ద వాటా ఫ్రిజ్‌దే.

వంటకు గ్యాస్ పొయ్యే వాడతారు. పడవ ఒరిగినా గిన్నె ఒలకకుండా పొయ్యి ఊయలలా ఊగేలా బిగిస్తారు. వంటగ్యాస్ గాలికంటే బరువైనది. ఇంట్లో అయితే గుమ్మం గుండా బయటకు పోవచ్చు కానీ పడవలో అడుగుకు చేరి నిల్వ ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే సిలిండర్‌ను బయటకు రంధ్రం ఉన్న వేరు అరలో ఉంచి, వంట కాగానే అక్కడే వాల్వు కట్టేస్తారు.

సరుకులు తెచ్చిన అట్టపెట్టెలను పడవలోకి రానివ్వరు. వాటి మడతల్లో బొద్దింకల గుడ్లు ఉంటాయి. ఉల్లి, బంగాళాదుంప గాలి తగిలేలా వలసంచుల్లో వేలాడతాయి. గాలం వేస్తే చేపకు కొదవ ఉండదు గానీ, పగడపు దిబ్బల వద్ద తిరిగే బారకూడా వంటి పెద్ద చేపల్లో ‘సిగ్వాటెరా’ అనే విషం ఉండవచ్చు. ఎంత వండినా అది పోదు. ఏ నీటిలో ఏ చేప తినవచ్చో స్థానిక జాలర్లను అడిగి తెలుసుకోవడమే మార్గం.

ప్రతి దీవీ ఓ దేశం

ఒక దేశం నుంచి మరో దేశం చేరగానే పసుపు జెండా ఎగురవేసి, కస్టమ్స్, ఇమిగ్రేషన్ అధికారుల వద్ద నమోదు చేయించుకోవాలి. పడవ పత్రాలు, పాస్‌పోర్టులు, సిబ్బంది జాబితా, గత రేవు నుంచి వెళ్లేందుకిచ్చిన అనుమతి పత్రం చూపాలి. అనుమతి లభించాక పసుపు జెండా దించి ఆ దేశపు జెండా కడతారు. రేడియోలో 16వ చానల్ ప్రమాద సమయాలకు ఉద్దేశించినది. ప్లాస్టిక్‌ను సముద్రంలో పారవేయడం అంతర్జాతీయ నిబంధనల ప్రకారం నిషిద్ధం.

బెరిల్ మిగిల్చిన పాఠం

అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. విహార కాలం డిసెంబరు నుంచి మే వరకు. జూన్ రాగానే పడవలు దక్షిణాదికి తరలుతాయి. చాలా బీమా సంస్థలు ఆ నెలల్లో పడవ ఫలానా అక్షాంశానికి దిగువన ఉండాలని షరతు పెడతాయి. సుమారు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉన్న గ్రెనడా సురక్షితమన్న నమ్మకం చాలాకాలం ఉండేది. 2004 సెప్టెంబరు 7న ఇవాన్ హరికేన్ ఆ నమ్మకాన్ని తుడిచిపెట్టింది. గ్రెనడాలో సుమారు 90 శాతం ఇళ్లు దెబ్బతిన్నాయి.

ఇరవై ఏళ్ల తర్వాత బెరిల్ వచ్చింది. 2024 జూన్ 28న వాయుగుండంగా మొదలై రెండు రోజుల్లోనే ప్రచండ హరికేన్‌గా మారింది. జులై 1న గంటకు సుమారు 240 కిలోమీటర్ల గాలులతో కారియాకూ వద్ద తీరం దాటింది. సీజన్ ఆరంభంలోనే అంత తీవ్రత చాలామంది ఊహించనిది.

కారియాకూలోని టిరెల్ బే మడ అడవులు నావికులకు తరతరాల ఆశ్రయం. మడ వేళ్లు కెరటాలను విరుస్తాయి. పడవను లోపలికి తెచ్చి నలువైపులా చెట్లకు మోకులతో కట్టడం అక్కడి ఆనవాయితీ. బెరిల్‌కు ముందూ అనేక పడవలు అందులో తలదాచుకున్నాయి. తుపాను వెళ్లేసరికి అవి ఒకదానిపై ఒకటి గుట్టపడ్డాయి, మడ చెట్లు ఆకు లేకుండా మోడులై మిగిలాయి. పొరుగున ఉన్న యూనియన్ ద్వీపంలో దాదాపు 90 శాతం ఇళ్లు తీవ్రంగా దెబ్బతినడమో, కూలిపోవడమో జరిగిందని సెయింట్ విన్సెంట్ అప్పటి ప్రధాని రాల్ఫ్ గోన్సాల్వెస్ ప్రకటించారు.

కారణం లెక్కలోనే ఉంది. గాలి వేగం రెట్టింపయితే దాని తాకిడి నాలుగు రెట్లవుతుంది. 20 నాట్ల నిత్యగాలితో పోలిస్తే బెరిల్ గాలి వేగం ఆరున్నర రెట్లు, తాకిడి 40 రెట్ల పైమాటే. అంతటి బలానికి మోకు, గొలుసు ఏవీ ఆగవు. పక్క పడవ తెగి వచ్చి మీద పడితే పటిష్ఠంగా కట్టిన పడవకూ రక్షణ లేదు.

పడవ కదిలే ఇల్లు. దాని బలం కట్టివేతలో కాదు, సకాలంలో కదలడంలో ఉంది. గ్రెనడా నుంచి ట్రినిడాడ్‌కు సుమారు 80 నాటికల్ మైళ్లు. తెరచాప పడవకు ఒక పగలు, ఒక రాత్రి చాలు. అయితే సముద్రం చెడకముందే బయల్దేరాలి. ‘ఇంకొక్క రోజు చూద్దాం’ అనుకున్న రోజే అవకాశం చేజారుతుంది. పడవను గట్టుపై ఉంచేవారు తెరచాపలు విప్పి, కీల్‌ను గోతిలో దించి, పట్టీలతో నేలకు బిగించి ఊళ్లకు వెళ్తారు.

మనకూ వర్తించేదే

బంగాళాఖాతంలో తుపానుల ముప్పు ఏటా రెండు దఫాలు. రుతుపవనాలకు ముందు ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరోసారి. 2014 అక్టోబరు 7న అండమాన్ వద్ద వాయుగుండంగా మొదలైన హుద్‌హుద్ విశాఖ చేరడానికి 12వ తేదీ వరకు సమయం పట్టింది. బెరిల్ ఇచ్చిన వ్యవధి మూడు రోజులు మాత్రమే. పడవలను ఒడ్డుకు చేర్చే పని తొలి హెచ్చరికతోనే మొదలు కావాలనడానికి ఈ తేడాయే నిదర్శనం.

ఈ విద్యలో తెలుగువారి ముద్ర కూడా ఉంది. నౌకాదళ తెరచాప నౌక ‘తారిణి’పై 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి, 254 రోజుల్లో సుమారు 21,600 నాటికల్ మైళ్లు ప్రయాణించి ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. చుక్కాని యంత్రాంగం మరమ్మతు కోసం దారిలో మారిషస్‌లో ఆగి, 2018 మే 21న వారు గోవా చేరారు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు, శిక్షణ ఏళ్లుగా సాగుతున్నాయి.

గుర్తుంచుకోవాల్సినవి

* తొలి ప్రయాణం అనుభవజ్ఞుడైన సరంగుతో, పగటిపూట, దగ్గరి రేవుకే.
* లైఫ్ జాకెట్‌తో పాటు రాత్రివేళ పడవకు కట్టుకునే నడుము పట్టీ తప్పనిసరి.
* వాతావరణ సూచన ఉదయం, సాయంత్రం వినాలి.
* నీరు, గ్యాస్, బ్యాటరీ నిల్వ రోజూ రాసుకోవాలి.
* విదేశాల్లో పడవ అద్దెకు తీసుకునేవారు వీసా నిబంధనలతో పాటు, పడవ నడిపే ధ్రువపత్రం అవసరమో కాదో ముందే సరిచూసుకోవాలి.